నటనకు లక్షణము: పి. భానుమతి తమిళచిత్రప్రస్థానము

బోయినపల్లికి సమీపమునఁ గల కుర్క్యాల గ్రామపు బొమ్మలగుట్టమీఁద నొక శాసనము గలదు. వేములవాడ చాళుక్యుఁడగు రెండవ యరికేసరి కాలమున, అనఁగా క్రీస్తుశకము పదియవ శతాబ్ది మధ్యమున, కన్నడాదికవియగు పంపని తమ్ముఁడు జినవల్లభుఁడు దానిని చెక్కించెను. సంస్కృతము, కన్నడము, తెలుఁగు మూఁడును నొక్క శిలపై నిలిచియుండుటయు, తెలుఁగుభాగమునఁ గందపద్యము లుండుటయు దాని విశేషము. వీరి పూర్వులు వేంగిదేశమునందలి కమ్మనాటి వంగిపఱ్ఱువారు. ఆ యింటి జ్యేష్ఠుఁడు కన్నడమున నాదికవి యయ్యెను. కనిష్ఠుఁడు తెలుఁగుకందములను శిలకెక్కించెను. పంపనిఁ గన్నడకవి యనుటకు తెలుఁగువారికి సంకోచము లేదు. జినవల్లభుని కందములను తెలుఁగు వాఙ్మయచరిత్రమునఁ జేర్చుటకు కన్నడిగులకు నాక్షేపణము లేదు. రెండుభాషలలోఁ గృషిచేసినవారిని ఏ భాషాచరిత్రమున లెక్కింపవలయునను ప్రశ్న యీ ప్రాంతమున ఆ శిలయంత ప్రాచీనమైనది.

ఆ ప్రశ్నయే యిరువదవ శతాబ్దమున చలనచిత్రకళయందు మరల పొడసూపినది. తెలుఁగునాటఁ బుట్టి, తెలుఁగుచిత్రములతోఁ బ్రసిద్ధికెక్కి, తమిళచిత్రరంగమున నలువదియేండ్లకుఁ బైగా నిలిచిన పి. భానుమతి చరిత్ర మందులకు ముఖ్యోదాహరణము. ఆంధ్రులు సాధారణముగా నామెను స్వర్గసీమ, మల్లీశ్వరి మొదలగు చిత్రములచేఁ దలఁచుకొందురు. తమిళచిత్రములను పట్టికగాఁ జెప్పి విడిచెదరు. అట్లు విడుచుటచే నామె చరిత్రలో సగము మఱుఁగుపడుటయే కాదు, వాచికాభినయమునుగూర్చి యామె జీవితమువలన తెలియఁదగిన ముఖ్యాంశమును మఱుఁగుపడుచున్నది. కావున నామె తమిళప్రస్థాన మిచటఁ బ్రధానముగాఁ బరిశీలింపఁబడుచున్నది.

జన్మము, విద్య

భానుమతి 1925వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీని ఒంగోలు ప్రాంతమునందలి దొడ్డవరమున జన్మించెను. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య, తల్లి సరస్వతమ్మ. తండ్రి సంగీతరసికుఁడు, రంగస్థలానుభవము గలవాఁడు. కూఁతునకు శాస్త్రీయసంగీతమునఁ దొలిగురు వాయనయే. ఈ గృహవిద్య యామె సర్వజీవితమునకును బునాది యైనదని ముందు తెలియఁగలదు.

1939లో సి. పుల్లయ్య దర్శకత్వమున వరవిక్రయము వెలువడెను. కాళ్లకూరి నారాయణరావు రచించిన సాంఘికనాటకము దానికి మూలము. వరశుల్కదురాచారమునకు బలియగు కాళింది పాత్రను భానుమతి పదుమూఁడు పదునాలుగేండ్ల ప్రాయమున ధరించెను. నాయకపాత్రధారి తన కూఁతును తాఁకరాదను నియమముమీఁద తండ్రి యామెను చిత్రములలోఁ బంపుటకు సమ్మతించెనని ప్రసిద్ధి. 1940లో మాలతీమాధవమున మాలతి యయ్యెను. భవభూతి ప్రకరణమును తెలుఁగుతెరకుఁ దెచ్చిన యత్న మది. అనంతరము ధర్మపత్ని (1941), కృష్ణప్రేమ (1943) మొదలగునవి వచ్చినవి. కృష్ణప్రేమ చిత్రనిర్మాణసమయమున సహాయదర్శకుఁడగు పి.ఎస్. రామకృష్ణారావుతో పరిచయము గలిగి, 1943 ఆగస్టు 8వ తేదీని వివాహము జరిగెను. వివాహానంతరము నటన మానుకొనఁదలఁచిన యామెను బి.ఎన్. రెడ్డి స్వర్గసీమ (1945) మరల తెరకు రప్పించెను. వీథిలో నాడిపాడు సుబ్బి నాగరకనటియగు సుజాతగా మాఱి, యొక గృహస్థుని సంసారమును చెదరఁగొట్టుట యందలి కథ. ఒకే స్త్రీయందు రెండు నడకలు, రెండు పలుకుబడులు చూపవలసిన యా పాత్ర యామె శక్తిని లోకమునకుఁ దెలిపినది.

తరువాత దంపతులు భరణీ పిక్చర్సును, భరణీ స్టూడియోను స్థాపించిరి. భరణి యనునది వారి కుమారుని నామము. నటి సంస్థాధికారిణియు నగుట నాఁటికి దక్షిణదేశమున మిక్కిలి యరుదు. ఇతరసంస్థలతో నామె జరపిన వ్యవహారములలోఁ గనఁబడు స్వాతంత్ర్యమునకు స్వసంస్థాబల మొక హేతువు.

చెన్నపట్టణము, రెండు భాషలు

తమిళచిత్రరంగమునఁ దెలుఁగునటి ప్రవేశించుట యాకస్మికము గాదు. దక్షిణభారతమున మాటలు నేర్చిన చిత్రము పుట్టినప్పుడే రెండు భాషలును గలిసి పుట్టినవి. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున 1931 అక్టోబరు 31వ తేదీని చెన్నపట్టణమున విడుదలయైన కాళిదాసు చిత్రమున నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళమునఁ బలికెను. అదే చిత్రమునఁ దెలుఁగుమాటలును త్యాగరాజకీర్తనలును వినఁబడెను. పిమ్మట చిత్రములు భాషాభేదముచే వేఱుపడినను, చిత్రశాలలు వేఱుపడలేదు. జెమినీ, వాహినీ, ఏవీఎం శాలలలో నొక్క భవనమున, నొక్క రంగసజ్జలో తెలుఁగును తమిళమును నిర్మింపఁబడుచుండెను. 1953 అక్టోబరు 1వ తేదీని ఆంధ్రరాష్ట్ర మేర్పడి చెన్నపట్టణము తమిళులకుఁ జెందినను, తెలుఁగుచిత్రపరిశ్రమలో నధికభాగము బహుకాల మచ్చటనే యుండెను.

ఇంకను వెనుకకుఁ బోయినచో, తంజావూరు నాయకరాజుల యాస్థానము స్మరణకు వచ్చును. రఘునాథనాయకుని సభలో రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయమును రచించెను. విజయరాఘవుని సభలో రంగాజమ్మ తెలుఁగున మన్నారుదాసవిలాసమను యక్షగానమును రచించెను. తమిళభూమిలో రాజాశ్రయమునఁ దెలుఁగు సరస్వతి వెలసిన కాల మది. భానుమతి నాఁటికి రాజాశ్రయము లేదు, ప్రేక్షకాశ్రయము వచ్చినది. ప్రేక్షకుల భాష తమిళము. కావున నీమె రంగాజమ్మవలె స్వభాషతో నచ్చట నిలువఁజాలదు. పరభాషను స్వాధీనము చేసికొనవలసియుండెను. ఈ భేదమే యీమె యత్నమునకు గౌరవము నిచ్చుచున్నది.

తమిళచిత్రములు

భానుమతి తొలి తమిళచిత్రము 1948లో వెలువడిన రాజముక్తి. కారాగారమునుండి విడుదలయైన ప్రసిద్ధగాయకనటుఁడు ఎం.కె. త్యాగరాజభాగవతార్ మరల తెరకు వచ్చిన చిత్ర మది. తమిళకథానికాకర్తలలో నగ్రగణ్యుఁడగు పుదుమైప్పిత్తన్ దాని రచనకై పుణెకుఁ బోయి, క్షయవ్యాధి ముదిరి, 1948లోనే మరణించెను. చిత్రము ఫలింపలేదు. అయినను తమిళసాహిత్యముతో నామెకుఁ గలిగిన సంబంధ మందే యారంభమైనది.

1949వ సంవత్సర మామెకు రెండు విధములఁ గలిసివచ్చినది. సి.ఎన్. అణ్ణాదురై రచనచేసిన నల్లతంబి యందు ఎన్.ఎస్. కృష్ణన్ ప్రక్క నటించెను. అదే యేఁట జెమినీవారి అపూర్వ సహోదరర్గళ్ వెలువడెను. ఫ్రెంచిరచయిత డ్యూమా వ్రాసిన కవలసోదరుల కథ దానికి మూలము. ఎం.కె. రాధా ద్విపాత్రాభినయము చేసెను. ఆ కథయే హిందీలో నిశాన్ అనియు, తెలుఁగున అపూర్వ సహోదరులు అనియు నిర్మింపఁబడఁగా, మూఁడింటను నాయిక భానుమతియే.

ఈ త్రిభాషాభ్యాసము 1953లో నామె స్వయముగా దర్శకత్వము వహించిన చండీరాణికి దారితీసెను. తెలుఁగు, తమిళము, హిందీ మూఁడు భాషలలోను దర్శకత్వము, ద్విపాత్రాభినయము నామెవే. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రములు వేఱుపడిన యేఁట నొక తెలుఁగుస్త్రీ యొక కథను మూఁడుభాషల ప్రేక్షకులయెదుట నిలుపుట గమనింపఁదగినది. కుర్క్యాల శిలకు నీ చిత్రమునకు నడుమ సహస్రవత్సరములు గడచినను, ఉద్దేశమునఁ బోలిక లేకపోలేదు.

తరువాతి తమిళచిత్రములలోఁ బెక్కింటికి సాహిత్యము మూలమగుట విశేషము. 1954లో వచ్చిన మలైక్కళ్ళన్ నామక్కల్ కవి రామలింగంపిళ్ళ నవల, సంభాషణలు ఎం. కరుణానిధివి, నాయకుఁడు ఎం.జి. రామచంద్రన్. ఆ యేఁటి జాతీయపురస్కారములలోఁ దమిళచిత్రములకుఁగాను రాష్ట్రపతి రజతపతకము దానికి లభించెను. ఆ కథయే తెలుఁగున అగ్గిరాముఁడు కాఁగా, నాయిక భానుమతియే, నాయకుఁడు ఎన్.టి. రామారావు. 1955లో వచ్చిన కళ్వనిన్ కాదలి కల్కి నవల. 1957లో వచ్చిన అంబికాపతి యందు కంబకవి కుమారుఁడగు అంబికాపతిగా శివాజీగణేశన్, చోళరాజపుత్రి యమరావతిగా భానుమతి నటించిరి.

1956వ సంవత్సర మామె తమిళజీవితమున శిఖరము. జనవరిలో మోడరన్ థియేటర్సువారి అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం విడుదలయ్యెను. సంపూర్ణముగా వర్ణములతోఁ దీయఁబడిన తొలి తమిళచిత్ర మది. ఏప్రిలులో మదురైవీరన్ వచ్చినది. సంభాషణలు కణ్ణదాసన్ రచించెను. మధుర నేలిన తిరుమలనాయకుని (1623–1659) కాలమునకుఁ జెప్పఁబడు జానపదకథ యిది. కథప్రకారము నాయిక బొమ్మి, బొమ్మనాయకుఁడను పాళెగాని కూఁతురు. మధుర నాయకరాజులు తెలుఁగువారు; వారివెంట దక్షిణమునకుఁ బోయిన పాళెగాండ్రలోఁ బలువురు తెలుఁగువారే. కావున తెలుఁగునాయకుల కాలమునాఁటి తెలుఁగుపాళెగాని పుత్రిక మూఁడు శతాబ్దములు గడచినపిమ్మట తమిళపు తెరమీఁదఁ దమిళమున మాటలాడెను. ఆ మాటలు పలికినదియు తెలుఁగువనితయే. దక్షిణాంధ్రచరిత్ర మెట్లు తమిళజీవనమునఁ గలిసిపోయెనో యిందువలన సులభముగా నెఱుఁగవచ్చును.

అదే సంవత్సరము నవంబరులో వచ్చిన రంగూన్ రాధా యామె పాత్రలలో నగ్రస్థానమున నిలుపఁదగినది. అణ్ణాదురై నవల దానికి మూలము. ధనాశచే భర్త తన భార్యయగు రంగమ్మను పిచ్చిదానిగా లోకమునకుఁ జూపఁజూచును; బంధువులు నమ్ముదురు; తుదకామె యిల్లు వెడలి రంగూనునకుఁ జేరును. శివాజీగణేశన్ భర్త, భానుమతి రంగమ్మ. ఈ పాత్రయందలి క్లేశము విమర్శకులు గుర్తింపఁదగినది. ఉన్మాద మొక సంచారిభావము. దాని కనుభావములు నాట్యశాస్త్రమునఁ జెప్పఁబడియున్నవి. వానిని ప్రదర్శించుట యభ్యాసముగల నటికిఁ గష్టము గాదు. రంగమ్మ యున్మత్త గాదు. ఉన్మత్త యని యితరులు పలుకఁగా, తన మాటలే తనకు సాక్ష్యము గాకుండఁబోవుచుండఁగా, వివేకము గల స్త్రీ యెట్లు మాటలాడును? గట్టిగా నాక్షేపించినచో పిచ్చి యందురు. మౌనము వహించినను పిచ్చి యందురు. అట్టిచోట నవయవచలనముకంటె స్వరమే ప్రధానము. ఆ స్వర మరువుదెచ్చుకొన్నదైనచో పాత్ర నిలువదు.

వాచికాభినయము

ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికమని యభినయము చతుర్విధము. చలనచిత్రమున నాహార్య మితరుల చేతిలోనిది. ఆంగికమును ఛాయాగ్రాహకుఁడు కొంత పంచుకొనును. వాచికమును యంత్రము రెండుగాఁ జీల్చినది: తెరపైఁ బెదవు లొకరివి, కంఠ మొకరిది. నేపథ్యగానము ప్రబలినపిమ్మట పాటలవిషయమున నిది సర్వసామాన్యమయ్యెను. పరభాషానటుల మాటలును పెక్కుచోట్ల నితరులచేఁ బలికింపఁబడుచుండెను. భానుమతి దీనికి లోఁబడలేదు. తన పాత్రల పాటలను తానే పాడుట యామె నియమము. తెలుఁగునఁ బాడిన కంఠమే తమిళమునను బాడెను, మాటలాడెను.

ఇది తెలుఁగువారి కెంతటి కార్యమో భాషాశాస్త్రము నెఱిఁగినవారు గ్రహింపఁగలరు. తమిళమున ఴకారము సజీవముగా నున్నది. ప్రాచీనశాసనములలోఁ దెలుఁగునఁ గూడ నది యుండెను. పిమ్మట నశించి, తఱచు డకారముగా మాఱెను. తమిళుని కోఴి తెలుఁగున కోడి, ఏఴు తెలుఁగున ఏడు, చోఴుఁడు చోడుఁడు. వేయియేండ్ల క్రిందట జాతి విడిచిన వర్ణమును తెలుఁగునటి మరల నాలుకకు నేర్పుకొనవలయును. మఱియు తమిళలిపిలో క, గ లకు నొక్కటే యక్షరము. స్థానమునుబట్టి యుచ్చారణ మాఱును. లిపిఁ జూచి చదివిన చాలదు, చెవితో నేర్వవలయును. బాల్యమునఁ దండ్రియొద్ద నేర్చిన సంగీత మిచ్చటఁ దోడ్పడినదనుట సంగతము. శ్రుతిభేదమును పట్టఁగల చెవి వర్ణభేదమునుగూడఁ బట్టును.

ఈ స్వాతంత్ర్యమునకు మూల్యమును చెల్లింపవలసివచ్చినది. విజయాసంస్థవారి మిస్సమ్మ (1955) యందు నాయికగా మొదట భానుమతియే నిర్ణయింపఁబడి, కొన్ని రీళ్లు చిత్రింపఁబడినవి. నిర్మాత చక్రపాణితో వివాదము పొడమి యామె తొలఁగెను. ఆ పాత్ర సావిత్రికిఁ జెంది, యామె కీర్తికి సోపానమయ్యెను. 1958లో ఎం.జి. రామచంద్రన్ స్వయముగా నిర్మించి దర్శకత్వము వహించిన నాడోడిమన్నన్ చిత్రమునను భేదాభిప్రాయములు గలిగి యామె విరమింపఁగా, నామె పాత్ర నడుమనే మరణించునట్లు కథ మార్పఁబడెను. వీనిని గర్వమునకు నిదర్శనములుగాఁ జెప్పుట కలదు. గర్వమే కావచ్చును. కాని తన పనిమీఁదఁ దనకుఁ గల యధికారమును విడువనివారి నందఱను లోకము గర్వితులనుట పరిపాటి. అదియును బురుషులవిషయమున దృఢత్వమని పిలువఁబడుచు, స్త్రీలవిషయమున గర్వమనఁబడుట విచారింపఁదగినది.

బిరుదమీమాంస

అణ్ణాదురై భానుమతికి "నడిప్పుక్కు ఇలక్కణం" అను బిరుదము నొసఁగెను. నటనకు వ్యాకరణము అని యర్థము. తమిళచిత్రరంగమున బిరుదములకుఁ గొదువ లేదు. వానిలోఁ బెక్కు స్తుతిమాత్రములు. ఇదియు నట్టిదేనా యను శంక కలుగును. ఇచ్చిన యతఁడు తమిళమున వక్త, నవలాకర్త, నాటకకర్త. 1967లో మద్రాసురాష్ట్రమునకు ముఖ్యమంత్రి యైనవాఁడు. తమిళభాషాభిమానమే యుద్యమముగాఁ గలవాఁడు. అట్టివాఁడు తెలుఁగునటికి "ఇలక్కణం" అను పదమును వాడుట తేలికమాట గాదు. తమిళుల దృష్టిలో ఇలక్కణ మనఁగా భాషకు శుద్ధిని నిలుపునది.

పదమును విచారింతము. సంస్కృత లక్షణశబ్దమే తమిళమున ఇలక్కణ మైనది. లకారము పదాదిని నిలువదను నియమముచే నికారము ముందు చేరినది. తెలుఁగునను లక్షణగ్రంథ మన్నచో వ్యాకరణచ్ఛందోగ్రంథములే. లక్షణము లక్ష్యము ననుసరించును. ప్రయోగము ముందు, సూత్రము వెనుక. పతంజలి మహాభాష్యమునఁ బస్పశాహ్నికమందు లక్ష్యమును లక్షణమును రెండును గలిసియే వ్యాకరణ మగునని నిర్ణయించెను. సూత్రము లొక్కటియే వ్యాకరణము గాదు, ప్రయోగములొక్కటియుఁ గాదు.

ఈ నిర్ణయముతోఁ జూచినచో బిరుద మన్వర్థ మగుచున్నది. ఉత్తమనటులు లక్ష్యములు, వారిఁ జూచి యితరులు నేర్తురు. భానుమతి లక్ష్యమాత్రము గాదు. ఆమె చిత్రములకు దర్శకత్వము వహించెను, 1954లో వచ్చిన చక్రపాణికి సంగీతమును గూర్చెను, కథలు వ్రాసెను. నటించుటయే కాక, నటన యెట్లుండవలయునో యితరులకు నిర్దేశించెను. లక్ష్యలక్షణములు రెండు నొక్కచోఁ గలిసినందున వ్యాకరణ మను పదము చెల్లినది. అణ్ణాదురై పతంజలి సూక్ష్మమును మనస్సున నుంచుకొనెనని చెప్పుట యనవసరము; పదము తన యర్థమును తానే నెఱవేర్చుకొనినది.

రచన, సంగీతము

భానుమతి కథలలో అత్తగారి కథలు మిక్కిలి ప్రసిద్ధములు. ఆచారపరాయణయగు అత్తగారి యమాయకత్వము, పట్టుదల, మడి, వంటయిల్లు వీనిచుట్టు నల్లిన హాస్యమది. పరిహాసమునఁ బరుషత్వము లేదు. అత్తగారు నవ్వింతురు గాని నవ్వులపాలు గారు. వ్యవహారభాషలో వ్రాయఁబడిన యీ కథలలోని సంభాషణములు వాచికాభినయపటిమకు మఱియొక సాక్ష్యము. ఈ గ్రంథమునకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పురస్కారము వచ్చెను. నాలో నేను అను స్వీయచరిత్రమునకు జాతీయపురస్కారము లభించెను. 1966లో పద్మశ్రీ, అనంతరము పద్మభూషణ గౌరవము లామెకుఁ గలిగినవి.

చిత్రములయందును సాహిత్యబంధ మామె వీడలేదు. భరణీవారి విప్రనారాయణ (1954) యందామె దేవదేవి. తొండరడిప్పొడి యాళ్వారు శ్రీరంగమునకుఁ జెందిన తమిళభక్తుఁడు. ఆ కథను సారంగు తమ్మయకవి వైజయంతీవిలాసమను తెలుఁగుకావ్యముగాఁ జేసెను. తమిళభక్తుఁ డట్లు తెలుఁగుకావ్యమున నాయకుఁడై, పిమ్మటఁ దెలుఁగుతెర కెక్కెను.

1962లో ఏవీఎంవారి అన్నై చిత్రమునఁ బెంపుడుతల్లి పాత్ర ధరించెను. నాయికపాత్రలు ముగిసినపిమ్మటఁ దెరను విడువక, వయస్సునకుఁ దగిన పాత్రలను స్వీకరించెను. 1984లో మంగమ్మగారి మనవఁడు తెలుఁగున, 1992లో చెంబరుత్తి తమిళమున నట్టివి. 1985 మొదలు మూఁడేండ్లు తమిళనాడు ప్రభుత్వసంగీతకళాశాలకు అధ్యక్షురాలుగా నుండెను. దాని యారంభమున ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్. నాడోడిమన్నన్ వివాద మందుల కడ్డు రాకుండుట యిరువురకును గౌరవావహము. దొడ్డవరమున తండ్రియొద్ద నారంభమైన విద్య తమిళనాట ప్రభుత్వకళాశాలాధ్యక్షత్వమునకుఁ జేరినది. 2005 డిసెంబరు 24వ తేదీని చెన్నపట్టణమున నామె పరమపదించెను.

ఉపసంహారము

ఇంతవఱకుఁ జెప్పినదానివలన మూఁడంశములు తేలుచున్నవి. భానుమతి తమిళచిత్రములు తెలుఁగుకీర్తికి నంచున నతికిన యనుబంధము గాదు. పుదుమైప్పిత్తన్, కల్కి, నామక్కల్ కవి, అణ్ణాదురై మొదలగువారి రచనలతోఁ బెనవైచుకొన్న ప్రధానభాగము. పరభాషలో స్వకంఠముతో నిలుచుటవలన నామె తమిళపాత్రలు సంపూర్ణముగా నామెవి. ఆమె బిరుదము స్తుతిమాత్రము గాక, శాస్త్రదృష్టిచేతను సమర్థనీయమగుచున్నది.

కావున నామెను తెలుఁగునటి యనవలయునా, తమిళనటి యనవలయునా యను విచారము నిష్ఫలము. జన్మముచేఁ దెలుఁగు; ప్రయోగముచే నుభయము. శబ్దమునకు సాధుత్వము ప్రయోగమునఁ దెలియును గాని పుట్టినచోటఁ గాదు. చలనచిత్రచరిత్రమును వ్రాయు తెలుఁగువా రామె తమిళచిత్రములను మూలభాషలోనే విని, యామె యుచ్చారణమును, రంగమ్మ పాత్రయందలి స్వరవ్యాపారమును సవిస్తరముగాఁ బరిశీలింపవలసియున్నది. పాఠశాలలలో నాట్యశాస్త్రపు వాచికాధ్యాయము బోధించు పండితులకును నందు నుదాహరణములు సమృద్ధిగా దొరకఁగలవు.